కారెక్కారా? బెల్టు పెట్టుకోండి

(వయోజన విద్యా కేంద్రంలో ఒక టీచరు చెప్పిన మాటలు)



నా మాట అందరికీ వినపడుతోందా? వెనక కూర్చున్నవాళ్లు కొంచెం ముందుకు జరగండి. ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంది.

ఈ రోజు పుస్తకాలు పక్కన పెట్టండి. నల్లబల్ల మీద రెండు మాటలు రాశాను. ఎవరు చదువుతారు? ఆఁ, సీటు బెల్టు. బాగా చదివారు. ల కింద ట వత్తు ఇస్తే ల్ట. పోయిన వారమే నేర్చుకున్నాం.

ఈ మాట ఇప్పుడెందుకు అంటారా? వచ్చే శనివారం మన వీధివాళ్లు వాడపల్లి వెళ్తున్నారు. ఏడు వారాల మొక్కు. బండి కూడా మాట్లాడేశారట. అది ఏడుగురు పట్టే బండి. ఎక్కేవాళ్లు పదిమంది, పిల్లలు కాక. ఆ కబురు విన్న దగ్గర నుంచీ నాకు మనసు మనసులో లేదు. అందుకే ఈ పాఠం.

ఒకప్పుడు మన కోనసీమవాళ్లు ఎక్కడికి వెళ్లాలన్నా రేవు దాటాలి. పడవ, పంటు. మామ్మగార్లకు తెలుసు. ఇప్పుడు అన్ని వైపులా వంతెనలు వచ్చాయి. 2002లో ఎదుర్లంక దగ్గర యానాం వంతెన వచ్చాక కాకినాడ దగ్గరైపోయింది. అమలాపురం మీదుగా, రాజోలు మీదుగా జాతీయ రహదారి పోతోంది. రావులపాలెం వెళ్తే ఇంకా పెద్ద హైవే. పెళ్లికి కారు. ఆసుపత్రికి కారు. గల్ఫు వెళ్లేవాళ్లను విమానం ఎక్కించడానికి కారు. సొంత కారు లేకపోయినా ఏడాదికి పదిసార్లు కారెక్కుతున్నాం.

ఎక్కి ఏం చేస్తున్నాం? ముందు సీట్లో మగవాళ్లు కూర్చుంటారు. వెనక మనం సర్దుకుంటాం. ఒళ్లో పిల్ల, కాళ్ల దగ్గర సంచి. బెల్టు సంగతి ఎవరికీ గుర్తు రాదు. నిన్న పిన్నిగారిని అడిగితే ఏమన్నారు? "బెల్టా? అది డ్రైవరుకి కదమ్మా. పోలీసు కనపడితే పెట్టుకుంటాడు, దాటగానే తీసేస్తాడు" అన్నారు. అందరూ నవ్వారు. నేను కూడా ఒకప్పుడు అలాగే నవ్వేదాన్ని.

నాలుగేళ్ల కిందట మా పిన్ని కువైట్ వెళ్లింది. ఇళ్లలో పనికి. మన ఊళ్లో అది కొత్త సంగతి కాదు. ఈ గదిలోనే వెళ్లొచ్చినవాళ్లు ముగ్గురున్నారు. హైదరాబాదు దాకా కారు మాట్లాడాం. పిన్ని, బాబాయి, వాళ్లబ్బాయి, నేను. వాడు అప్పుడు ఏడో తరగతి. శంషాబాదులో వాళ్లమ్మ లోపలికి వెళ్లి కనపడకుండా పోయేదాకా అద్దాల దగ్గరే నిలబడ్డాడు. అక్కడ ఏడవలేదు. కారెక్కాక ఏడ్చాడు.

రాత్రికి రాత్రే తిరిగి బయలుదేరాం. పొద్దున్నే బాబాయికి కోతలున్నాయి. గదికి అద్దె ఎందుకు, డ్రైవరుకి ఇంకో రోజు కూలి ఎందుకు అనుకున్నాం. మనం అందరం అలాగే అనుకుంటాం.

బాబాయి ముందు సీట్లో కూర్చున్నాడు. దారిలో పోలీసులున్నారని డ్రైవరు చెబితే బెల్టు పెట్టుకున్నాడు. తరవాత తియ్యడం మర్చిపోయి నిద్రపోయాడు. నేను వెనక కూర్చున్నాను. వాడు నా ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాడు. నేను వాడి మీద చెయ్యి వేసుకునే ఉన్నాను. మా ఇద్దరికీ బెల్టు లేదు. అది ఎక్కడుందో కూడా నేను చూడలేదు.

విజయవాడ దాటాక, ఏలూరు రాకముందు, తెల్లవారుజామున డ్రైవరుకి కునుకు పట్టింది. కారు రోడ్డు దిగి పల్టీ కొట్టింది. ఎన్ని పల్టీలో నాకు తెలియదు. ఆగేసరికి నేను రెండు సీట్ల మధ్య ఇరుక్కుపోయి ఉన్నాను. భుజం ఎముక విరిగింది. నా ఒళ్లో వాడు లేడు. పక్క అద్దం లేదు. బాబాయి సెల్ ఫోను లైటు పట్టుకుని పిలుచుకుంటూ వెతికాడు. వాడు రోడ్డు వారన తుప్పల్లో ఉన్నాడు.

బాబాయికి ఛాతీ మీద బెల్టు ఒత్తుకున్న చోట నల్లగా వాత తేలింది. అంతకు మించి దెబ్బ లేదు. ఆ వాత నెల రోజులు ఉంది. చొక్కా విప్పినప్పుడల్లా దాన్ని చూసుకుని ఏడ్చేవాడు.

పిన్నికి కువైట్‌లో దిగగానే ఈ కబురు తెలిసింది. వెంటనే తిరిగి రావడానికి వీలుపడలేదు. ఫోనులో చూసింది.

ఇదంతా మీతో ఏడిపించుకోవడానికి చెప్పలేదు. ఒక్క సంగతి చెప్పడానికి చెప్పాను. తరవాత నేను ఆ కారును చూశాను. పైన సొట్టలు పడింది. అద్దాలు పోయాయి. కానీ వెనక సీటు సీటులాగే ఉంది. వాడు పడుకున్న చోటు చెక్కుచెదరలేదు. చోటు ఉంది, మనిషి లేడు. కారు పడినందుకు కాదు, కారులోంచి బయటికి పడినందుకు వాడు పోయాడు.

అది ఎలా జరుగుతుందో చెప్తాను.

మీరు బస్సులో నిలబడి ఉంటారు. డ్రైవరు ఒక్కసారి బ్రేకు వేస్తాడు. బస్సు ఆగుతుంది. మీరు ఆగరు, ముందుకు పడతారు. బస్సుతో పాటు మీ ఒళ్లు కూడా అదే వేగంతో పోతోంది కదా. బ్రేకు బస్సుకే వేశారు, మీకు వెయ్యలేదు. కారులో మనకు వేసే బ్రేకే బెల్టు.

పల్టీ కొట్టినప్పుడు ఇంకొక రకం. మీరు చీర ఉతికి, ఆరేసే ముందు దులుపుతారు. నీటి చుక్కలు ఎక్కడెక్కడికో ఎగురుతాయి. చీర మాత్రం మీ చేతిలోనే ఉంటుంది. కారు దొర్లేటప్పుడు బెల్టు లేని మనిషి ఆ నీటి చుక్క లాంటివాడు. ఊడిన తలుపులోంచో, పగిలిన అద్దంలోంచో బయటికి పోతాడు. కారు ముందు అద్దంలో రెండు అద్దాల మధ్య పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. పగిలినా అది ఒకదానికొకటి అంటుకుని ఉంటుంది. చాలా కార్లలో పక్క అద్దాలు అలాంటివి కావు. పగిలితే పటికబెల్లం ముక్కల్లా రాలిపోతాయి. అంత పెద్ద కిటికీ తెరిచినట్టే.

బయటపడ్డ మనిషి మెల్లగా పడడు. కారు ఎంత వేగంగా పోతోందో అంత వేగంతో పడతాడు. రోడ్డు మీదో, కొబ్బరి మొక్కం మీదో, కల్వర్టు గోడ మీదో. ఒక్కోసారి తన కారే తన మీద దొర్లుతుంది. ఒక్కోసారి వెనక లారీ వస్తుంది.

వేగం అంటే మనకు అంకె కింద తెలుసు కానీ దెబ్బ కింద తెలియదు. అందుకని మన కొబ్బరిచెట్టుతో లెక్క చెప్తాను. కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతూ గోడను గుద్దిందనుకోండి. బెల్టు లేని మనిషికి తగిలే దెబ్బ 32 అడుగుల చెట్టు మీంచి పడ్డట్టు ఉంటుంది. 60 కిలోమీటర్లయితే 46 అడుగుల చెట్టు. 80 అయితే 80 అడుగులు దాటిన చెట్టు. అంత చెట్టు మన తోటల్లో దొరకడం కష్టం. కానీ 80 మీద పోయే బండి దొరకడం కష్టం కాదు.

తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు నడుం చుట్టూ మోకు వేసుకోకుండా ఎక్కుతాడా? "నాకు ముప్ఫై ఏళ్ల అనుభవం, మోకు అక్కర్లేదు" అంటాడా? అనడు. "పక్క చెట్టుకే కదా" అని కూడా అనడు. మనం మాత్రం "పక్క ఊరికే కదా" అంటాం.

ఇక్కడ మామ్మగారు ఒక మాట అన్నారు. అది చాలామంది అనుకునేదే. "మా మరిది కొడుకు కారులోంచి ఎగిరి గడ్డివామి మీద పడ్డాడు. అందుకే బతికాడు. లోపలుంటే నలిగిపోయేవాడు" అన్నారు. అతను బతికినందుకు నాకు సంతోషం. కానీ మామ్మగారూ, గడ్డివామి మీద పడ్డవాడు ఊరంతా తిరిగి చెప్తాడు. రాయి మీద పడ్డవాడు ఎవరికి చెప్తాడు? అమెరికాలో ఈ లెక్కలు ఏటేటా రాస్తారు. ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో కారులోంచి పూర్తిగా బయటికి పడ్డవాళ్లను లెక్కేస్తే, ప్రతి నలుగురిలో కనీసం ముగ్గురు పోతున్నారు. గడ్డివామి ఆ నాలుగోవాడికి దొరికింది.

మన దేశం లెక్క కూడా ఉంది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ రాసింది. బల్ల మీద వేస్తున్నాను, చదవండి. 16,715. పదహారు వేల ఏడు వందల పదిహేను. 2022 ఒక్క ఏడాదిలో బెల్టు పెట్టుకోకుండా ప్రమాదాల్లో పోయినవాళ్లు. అందులో 8,331 మంది డ్రైవర్లు కాదు, మనలాగా ఎక్కి కూర్చున్నవాళ్లు. బెల్టు డ్రైవరుకే అన్న మాటకు ఇదే జవాబు.

పేరున్నవాళ్లు కూడా ఇలాగే పోయారు. నందమూరి హరికృష్ణ గారు మీకందరికీ తెలుసు. ఎన్టీ రామారావు గారు పార్టీ పెట్టి ఊరూరా తిరిగినప్పుడు ఆ చైతన్య రథం నడిపింది ఆయనే. అంటే మామూలు డ్రైవరు కాదు. 2018 ఆగస్టు 29న తెల్లవారి నెల్లూరు జిల్లా కావలిలో పెళ్లికని తనే కారు నడుపుకుంటూ బయలుదేరారు. నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర కారు అదుపు తప్పి పల్టీ కొట్టింది. ఆయన బయటికి ఎగిరిపడ్డారు. బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. అదే కారులో ఉన్న మిగతా ఇద్దరూ దెబ్బలతో బతికారు.

ఇంకొకరు శోభా నాగిరెడ్డి గారు. అప్పటి కర్నూలు జిల్లా ఆళ్లగడ్డ ఎమ్మెల్యే. ఆడమనిషి అయ్యుండి ఎన్నిసార్లో గెలిచిన మనిషి. 2014 ఎన్నికల ప్రచారం ముగించుకుని ఏప్రిల్ 23 రాత్రి నంద్యాల నుంచి ఇంటికి వస్తున్నారు. ఊరి దగ్గరికి వచ్చేశారు. రోడ్డు మీద ధాన్యం కుప్ప ఉంది. దాన్ని తప్పించబోతే కారు తిరగబడింది. ఆవిడ బెల్టు పెట్టుకోలేదు. బయటికి పడిపోయారు. మర్నాడు హైదరాబాదు ఆసుపత్రిలో పోయారు.

ధాన్యం కుప్ప అన్నాను. ఎందుకు తల దించుకున్నారు? నేనూ రైతు బిడ్డనే. దాళ్వా కోతలయ్యాక మనం ఎక్కడ ఆరబోస్తాం? రోడ్డు మీద. ఆరాక కుప్ప చేస్తాం. పైన బరకం కప్పుతాం. గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు పెడతాం. రాత్రిపూట నల్ల బరకం కనపడదు. రాయి అసలే కనపడదు. కళ్లాలు లేవు, మేం ఏం చేస్తాం అంటారు. నిజమే. కళ్లాలు కావాలని పంచాయతీకి అర్జీ రాయడం వచ్చే నెల పాఠంలో ఉంది, తప్పకుండా రాద్దాం. ఈలోపల రాళ్లు మాత్రం పెట్టకండి. ఇసక మూటలు పెట్టండి. రాత్రికి కుప్పను రోడ్డు దించండి. మనం కారులో ఉన్న రోజు ఆ కుప్ప వేరే ఊరి ఆడవాళ్లది అవుతుంది.

సరే. ఇప్పుడు అసలు భయం దగ్గరకు వద్దాం. ఇది మన కోనసీమ భయం. వేరే ఊళ్లవాళ్లకు ఇంతగా ఉండదు.

"టీచరుగారండీ, మనకు రోడ్డు పక్కనే కాలువ. కారు కాలువలో పడితే ఎలాగండీ? బెల్టు పెట్టుకుంటే దాంట్లోనే చిక్కుకుని మునిగిపోమా?" అని పోయిన వారం ఒక అక్క అడిగింది. చాలామంచి ప్రశ్న. మన గట్టు రోడ్లకు చాలాచోట్ల గోడ లేదు, కమ్మీ లేదు. ఎదురుగా బస్సు వస్తే కారు చక్రం గట్టు అంచునే ఉంటుంది. ఈ భయం ఉత్త భయం కాదు.

కానీ ఒక్కసారి ఆలోచించండి. కారు కాలువలోకి ఎలా పోతుంది? మెల్లగా దిగదు. చెట్టుకో, వంతెన గోడకో గుద్దుకుని పోతుంది. లేదా గట్టు మీంచి పల్టీ కొట్టుకుంటూ పోతుంది. బెల్టు లేకపోతే ఆ పల్టీల్లోనే తల కారు పైకప్పుకి కొట్టుకుంటుంది. ఒకరి మీద ఒకరు పడతారు. స్పృహ పోతుంది. స్పృహ లేనివాళ్లకు మోకాలి లోతు నీళ్లు చాలు. ఈత వచ్చినా ఏం లాభం? బెల్టు ఉంటే నీళ్లలోకి వెళ్లేసరికి మీకు తెలివి ఉంటుంది. తెలివి ఉంటే బెల్టు విప్పుకోవచ్చు. ఎర్ర మీట ఒక్కటి నొక్కితే ఊడిపోతుంది. జాకెట్టు హుక్కు తీసినంత సేపు కూడా పట్టదు.

ఎండాకాలం కాలువలు కట్టేస్తారు కదా. అప్పుడు అందులో నీళ్లుండవు, రాళ్లూ బురదా ఉంటాయి. అప్పుడు బెల్టు లేకపోతే ఇంక చెప్పనక్కర్లేదు.

నీళ్లలో పడితే ఏం చెయ్యాలో గుర్తు పెట్టుకోండి. కారు కదలడం ఆగేదాకా బెల్టు తియ్యకూడదు. ఆగగానే తియ్యాలి. తలుపు తొయ్యడానికి టైము పోగొట్టుకోకండి. బయట నీళ్లు తోస్తుంటే తలుపు రాదు. వెంటనే పక్క అద్దం దించండి. మీట నొక్కితే దిగే అద్దాలు కూడా మొదట్లో కాసేపు పనిచేస్తాయి. దిగకపోతే గట్టి వస్తువుతో అద్దం మూల మీద కొట్టండి, మధ్యలో కాదు. ముందు అద్దం జోలికి వెళ్లకండి, దానికి పొర ఉంటుందని చెప్పాను కదా. ముందు పిల్లల్ని కిటికీలోంచి బయటికి తొయ్యండి, తరవాత మీరు. సంచులు, సెల్లులు, నగల పెట్టె, ఏదీ వెతకొద్దు.

ఈ బెల్టు ఎవరు కనిపెట్టారో చెప్తే నవ్వుతారు. స్వీడన్ అని చలి దేశం ఉంది. అక్కడ నీల్స్ బోలిన్ అనే ఆయన మొదట యుద్ధ విమానాలకు సీట్లు తయారుచేసేవాడు. విమానం పాడైతే పైలట్‌ను సీటుతో సహా బయటికి విసిరేసే సీట్లు. తరవాత వోల్వో అనే కార్ల కంపెనీకి వచ్చాడు. మనిషిని బయటికి విసరడం తెలిసినాయనే, 1959లో మనిషి బయటికి పోకుండా పట్టుకునే బెల్టు చేశాడు. అంతకు ముందు కూడా బెల్టులు ఉన్నాయి కానీ ఎక్కువగా నడుముకే. ఇది భుజం మీంచి, నడుం మీంచి, మూడు చోట్ల పట్టుకుంటుంది. ఆ కంపెనీ దాన్ని తన దగ్గరే దాచుకోలేదు. ఎవరైనా చేసుకోవచ్చని వదిలేసింది. అందుకే ఈ రోజు మన ఊరి అద్దె కారులో కూడా అదే బెల్టు ఉంది.

తలుపుల సంగతి కూడా అప్పటిదే. 1950లలో అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంవాళ్లు కార్ల ప్రమాదాల వివరాలు పోగుచేసి చూశారు. గుద్దుకోగానే తలుపులు తెరుచుకుని జనం బయటికి పడిపోతున్నారని తేలింది. అప్పటి నుంచి గట్టి గడియలు వచ్చాయి. గడియ ఎంత గట్టిదైనా తలుపు సరిగ్గా వేస్తేనే పని. చీర కొంగు తలుపులో ఇరుక్కుని సగమే పడుతుంది చాలాసార్లు. చూసుకోండి.

ఎయిర్‌బ్యాగు ఉంది కదా, బెల్టు ఎందుకు అని కుర్రాళ్లు అంటున్నారు. ఆ సంచి కన్ను మూసి తెరిచేలోగా పేలినట్టు తెరుచుకుంటుంది. బెల్టు పట్టుకుని ఉన్న మనిషి దాని మీద ఒరుగుతాడు. బెల్టు లేని మనిషి ముందే దాని మీదికి దూసుకుపోతాడు. అప్పుడు అదే గుద్దు అవుతుంది.

వెనక కూర్చున్నవాళ్లకు ఏం కాదు అంటారు. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలో పాల్‌ఘర్ దగ్గర సైరస్ మిస్త్రీ గారి కారు వంతెన గోడను గుద్దుకుంది. టాటా సన్స్ కంపెనీకి అంతకు ముందు ఛైర్మనుగా చేసిన మనిషి. కారు చాలా ఖరీదైనది. ముందు కూర్చున్న ఇద్దరూ దెబ్బలతో బయటపడ్డారు. వెనక ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదు. ఇద్దరూ పోయారు. వెనకవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలని చట్టంలో ఉంది. పెట్టుకోకపోతే 1000 రూపాయల జరిమానా అని 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టం చెప్తోంది. జరిమానా సంగతి మనకు ముఖ్యం కాదులెండి.

ఇప్పుడు పిల్లతల్లులు వినండి. పిల్లను ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకుంటాం, అంటారు. నేనూ పట్టుకున్నాను. 50 కిలోమీటర్ల వేగంలో కారు గుద్దుకుంటే పది కిలోల పిల్ల రెండు బస్తాల ధాన్యం అంత బరువుగా లాగుతుంది. రెండు బస్తాలు చేతుల్లో ఆపగలరా? తల్లి ప్రేమ ఎంత ఉన్నా చేతికి అంత బలం లేదు. మీరూ పిల్లా కలిసి ఒకే బెల్టు చుట్టుకోవడం ఇంకా ప్రమాదం. మీ బరువంతా పిల్లను నలిపేస్తుంది. చంటిపిల్లలకు వేరే సీటు ఉంటుంది, కారు సీటుకి కట్టేది. అది కొనగలిగినవాళ్లు కొనండి. లేనివాళ్లు పిల్లను ముందు సీట్లో మాత్రం కూర్చోబెట్టొద్దు. కొంచెం పెద్దపిల్లలకు వెనక సీట్లో వేరే బెల్టు పెట్టండి. పైకప్పు కిటికీలోంచి పిల్లలు నిలబడి చేతులూపుతుంటే ముచ్చటపడి ఫొటోలు తీస్తున్నారు. వాళ్లు సగం బయట పడ్డట్టే.

కడుపుతో ఉన్నవాళ్లు బెల్టు పెట్టుకోవచ్చా? పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి. కింది పట్టీ కడుపు మీంచి రాకూడదు. కడుపు కింద, తుంటి ఎముకల మీద ఉండాలి. పై పట్టీ రెండు రొమ్ముల మధ్య నుంచి, కడుపు పక్కగా రావాలి. ఇది సిగ్గుపడే మాట కాదు. కాన్పుకి వెళ్లేటప్పుడు కూడా ఇలాగే.

మిగతావాళ్లకు కూడా అంతే. పై పట్టీ భుజం మీద ఉండాలి. మెడకు ఒరుసుకుంటోందని చంక కిందకి తోసేస్తారు కొందరు. అప్పుడు దెబ్బ పక్కటెముకల మీద పడుతుంది. పట్టీ మెలిక పడకూడదు. పట్టుచీర నలుగుతుంది అంటారా? నలుగుతుంది. ఇస్త్రీ చేయించుకోవచ్చు.

అద్దె కార్లలో ఇంకొక చిక్కు ఉంది. వెనక సీటుకి కొత్త కవరు తొడుగుతారు. బెల్టు పెట్టే కన్నం దాని కిందకి పోతుంది. పట్టీ కనపడుతుంది కానీ పెట్టే చోటు ఉండదు. బండి మాట్లాడేటప్పుడే చెప్పండి, "బాబూ, వెనక బెల్టులు పైకి తీసి పెట్టు" అని. కొందరు డ్రైవర్లు బెల్టు పెట్టుకోకుండా ఉత్త క్లిప్పు గుచ్చేస్తారు, కారు టింగుటింగుమని గోల చెయ్యకుండా. ఆ క్లిప్పులు అమ్మొద్దని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైను అంగళ్లకు చెప్పింది. కనపడితే తీయించండి. "ఆడవాళ్లు డ్రైవరుకి చెప్తే బాగుంటుందా?" అనుకోకండి. డబ్బులిచ్చేది మనం.

ఆటో సంగతి అడుగుతారని తెలుసు. ఆటోకి బెల్టు లేదు, తలుపు లేదు. మనం రోజూ ఎక్కేది అదే. దాని గురించి నా దగ్గర మంచి జవాబు లేదు. డ్రైవరు పక్కన వేలాడుతూ కూర్చోకండి, అంతవరకే చెప్పగలను. సరుకుల ట్రక్కులో నిలబడి పెళ్లిళ్లకు వెళ్లడం మానుకుందాం. అందులో లోపల, బయట అని లేదు. అంతా బయటే.

ఇంక శనివారం సంగతి తేల్చుకుందాం. బండిలో డ్రైవరుతో కలిపి ఏడు సీట్లు, ఏడు బెల్టులు. అంటే మనవాళ్లు ఆరుగురే. పిల్లను కూడా ఒక మనిషి కింద లెక్క వెయ్యండి. మిగిలినవాళ్లు బస్సులో రండి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సుల్లో మన ఆడవాళ్లకు టికెట్టుకి డబ్బులు అక్కర్లేదు కదా. నేను బస్సులో వస్తాను, నాతో నలుగురు రండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లూ, పిల్లలతో వచ్చేవాళ్లూ కారెక్కండి. పేర్లు బల్ల మీద రాయండి. ఎవరి పేరు వాళ్లే రాసుకోవాలి, నేను రాయను.

రాశారా? మంచిది. ఇప్పుడు బయటికి రండి. సర్పంచి గారిని అడిగి వాళ్ల కారు చింతచెట్టు కింద పెట్టించాను. వరసగా ఇద్దరిద్దరు వెనక సీట్లో ఎక్కండి. ముందు బెల్టు నెమ్మదిగా లాగండి, వస్తుంది. తరవాత ఒక్కసారి గట్టిగా గుంజండి. అప్పుడు కదలకుండా పట్టేస్తుంది, చూడండి. పెట్టుకున్నాక కళ్లు మూసుకుని ఎర్ర మీట చేత్తో వెతికి నొక్కండి. కళ్లు మూసుకుని ఎందుకో మీకు తెలుసు, కాలువ నీళ్లలో ఏం కనపడదు. మామ్మగారూ, ముందు మీరు రండి. చెయ్యి ఇవ్వండి, మెట్టు ఎత్తుగా ఉంది.